బండ వెనక నీళ్ళు

ఈసారి సంచుల దగ్గర కూర్చునేది లేదు. కొండ లోయ దగ్గర పడవ దిగగానే మామా ఎప్పటిలాగే ఖర్జూరపు చెట్ల నీడ చూపించి చాప అక్కడ వేయమంది, వేశాను, చాయ ఫ్లాస్కు పెట్టాను, అన్నం గిన్నె మీద తువ్వాలు కప్పాను, కప్పి నిటారుగా నిలబడి, నేనూ వస్తాను జలపాతం దాకా అన్నాను. మామా అంటే నేను పనిచేసే ఇంటి ఇల్లాలు, నాకంటే చిన్నదే, అయినా మస్కట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మాకు యజమానురాలు ఎవరైనా మామాయే. ఆమె నా ముఖం చూసి, నా మోకాళ్ళు చూసి, “కాశా, అది వట్టి నడక కాదు, చివర్లో ఈదాలి. నీకెందుకు?” అంది అరబ్బీలో. ఎందుకో చెప్పడం మొదలుపెడితే ఇక్కడే పొద్దు గూకుతుంది. రావాలి, అంతే అన్నాను. ఎన్ని సెలవు శుక్రవారాలు ఈ చెట్ల కింద కూర్చుని పిల్లల చెప్పులకూ కార్ల తాళాలకూ కాపలా కాశానో నాకే తెలియదు. వాళ్ళు తడి జుట్టుతో తిరిగొచ్చి, కొండ లోపల జలపాతం ఉంది, బయటికి కనపడదు, సందులోంచి దూరి పోవాలి అని కథలు చెబుతుంటే, నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని. వడ్డించడం చాలు ఇవాళ్టికి. డ్రైవరు జిలాని రాయచోటివాడు, నా కష్టం వాడికి తెలుసు, అప్పటికే చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. “పోయిరాపోక్కా. నేనుండా గదా. సంచులకేమన్నా కాళ్ళొచ్చి పరిగెత్తిపోతాయా యేంది” అన్నాడు. మామా పెద్ద కూతురు మదీహా చప్పట్లు కొట్టి నా భుజాలకు నారింజ రంగు లైఫ్ జాకెట్టు తగిలించింది.

దారి మొదట్లో మంచిదే. ఒకవైపు అరటి తోటలు, ఒకవైపు కొండ గోడకు అంటుకుని సన్నటి కాలువ, ఇక్కడివాళ్ళు ఫలజ్ అంటారు, అందులో నీళ్ళు చప్పుడు లేకుండా పోతుంటాయి. వీసా ఇప్పించిన ఏజెంటు నాకు ఎడారి దేశమని చెప్పి పంపాడు. మొదటిసారి ఈ కాలువ చూసినప్పుడు నాకు కళ్ళు కుట్టాయి. లక్కిరెడ్డిపల్లె దగ్గర మా చేలల్లో బోర్లు వేసి వేసి భూమి జల్లెడైంది, చుక్క లేదు, ఎవరిదమ్మా ఎడారి? మామా, చిన్నపిల్లలు ముందు పోతున్నారు, మదీహా నాకోసం వెనక్కి వెనక్కి చూస్తూ ఆగుతోంది. ఫోను జిలాని దగ్గర సంచిలో ఉండిపోయింది. ఉండనీ. సాయంత్రం దాకా వీరబ్రహ్మం ఆగుతాడు, ఆగక ఏం చేస్తాడు. మా తమ్ముడు వాడు. పొద్దున నేను కారెక్కుతుంటే ఫోన్ చేశాడు. “అక్కా, రేపు జేసీబీ వస్తాంది. నాయన బాయి పూడ్చేద్దాం. మొన్న పక్కోళ్ళ మేక పడి సచ్చింది. రేపు యా పిల్లోడో పడితే ఎవురు పలకాల? సగం నీది గదా, నువ్వు ఊ అంటే సాలు.” వాడి మాటలో తప్పేముంది, మేక చావడం నిజమే, పిల్లలు ఆ గట్టు మీద ఆడటమూ నిజమే. సాయంత్రం చెబుతానన్నాను. సాయంత్రానికి ఏం తెలిసొస్తుందని వాడు అడగలేదు, నేను చెప్పలేదు. కాలువ పక్కనే కాళ్ళు పెట్టాల్సి వస్తోంది ఇప్పుడు, దారి సన్నబడింది, కింద పచ్చటి మడుగు, నా చెప్పు అడుగు అరిగి నున్నగా ఉంది, కొండను చేత్తో పట్టుకుని నడుస్తున్నాను. చేతి కింద రాయి వెచ్చగా ఉంది. మా నాయన అయితే ఇప్పుడు ఆగి, ఈ రాయి మీద చెవి పెట్టేవాడు.

మా నాయన జయరాముడు బావులు తవ్వేవాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏ బావి గట్టు మీద నిలబడినా, ఇది మా నాయన తవ్వింది అని చెప్పుకునేదాన్ని చిన్నప్పుడు, తలెగరేసి మరీ. బండకు రంధ్రాలు పెట్టి, మందు కూరి పేల్చి పేల్చి ఆయన చెవులు పోయాయి. అన్నానికి పిలవాలన్నా భుజం తట్టాల్సిందే. అలాంటి మనిషి మా సొంత చేలో బావి తవ్వుతూ, బండ అడ్డం పడితే, ఆ బండకు చెవి ఆనించి, వేలెత్తి అందరినీ నోరు మూయమని, చాలాసేపు అలాగే ఉండి, “ఈ బండ ఎనకాల గంగమ్మ ఉండాది మే. పోతాంది. ఆగకుండా పోతాంది” అన్నాడు. ఊరికి అంతకంటే ఏం కావాలి? మనం పిలిస్తే పలకడు, గంగమ్మ పిలిస్తే పలుకుతాడంట అని టీ కొట్టు దగ్గర ఏడాది పొడుగునా అదే నవ్వు. ఆయనకు ఆ నవ్వు వినపడలేదు, అదొక్కటే మేలు. కూలి పనికి పోయి వచ్చి, మిగిలిన పొద్దులో దిగి బండ కొట్టేవాడు. ఒకరోజు వీరబ్రహ్మాన్ని దింపి, నువ్వు కూడా విను నాయనా అన్నాడు. మీసాలు అప్పుడే వస్తున్న వయసు వాడికి. చెవి పెట్టి విని పైకి వచ్చి, “నాకేం ఇనపళ్ళా” అన్నాడు. ఆ ఒక్క మాటతో మా అమ్మ చేతులెత్తేసింది, మేనమామలు గడ్డపారలు తీసుకుని ఎవరి ఊరికి వాళ్ళు పోయారు. నేనూ దిగి వింటానన్నాను. అప్పటికి నాకు పెళ్ళయింది, కడుపుతో ఉన్నాను, బావిలోకి దించే గంపలో ఎక్కనివ్వలేదు ఎవరూ. ఆ తర్వాత ఆయన ఊపిరితిత్తులు రాతిపొడితో నిండిపోయి మంచమెక్కాడు, మంచంలో కూడా గోడకు చెవి పెట్టి పడుకునేవాడు, అలాగే పోయాడు. నేను విననేలేదు. విని ఉంటే, అవుననో కాదనో ఈ పాటికి నాకు తెలిసి ఉండేది, ఇప్పుడు ఈ కొండలెక్కి నలుగురిలో నవ్వులపాలయ్యే పనే ఉండేది కాదు.

అరటి తోటలు అయిపోయాయి. ఇక అన్నీ రాళ్ళే, తెల్లగా, మనిషంత పెద్దవి, మధ్యలో గన్నేరు పొదలు. గన్నేరును చూస్తే మనవాళ్ళెవరో ఎదురొచ్చినట్టుంది, గులాబి రంగు పూలు, అదే చేదు వాసన. మోకాలు నొప్పి మొదలైంది. మొదలవనీ, రోజూ మేడమెట్లు ఎక్కిదిగే మోకాలే, నొప్పి కొత్తా దానికి? మదీహా చెయ్యి అందిస్తోంది. ఈ చెయ్యి ఎంతుండేదో! పుట్టిన వారానికి నా ఒళ్ళో పెట్టారు దీన్ని, ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు, కాలేజీలో రాళ్ళ గురించి చదువుతోంది. అరబ్బీతో పాటు నా కడప తెలుగు కూడా అబ్బింది దీనికి, మస్కట్ దార్సైట్‌లో కృష్ణుడి గుడి దగ్గర ఒకసారి నాకోసం కార్లో కాచుకుని, “ఎంతసేపు మే, ఆకలైతాంది” అని అరిచేసరికి గుడికొచ్చిన తెలుగువాళ్ళంతా తిరిగి చూశారు. “పొద్దుట్నించి ఏందో ఆలోచిస్తాండావు. ఏంది?” అంది ఇప్పుడు. ఏం లేదులే నడువు అన్నాను. “మీ నాయన బాయేనా?” అంది. దీనికి తెలియనిదేముంది. చిన్నప్పుడు నిద్రపోవడానికి రోజూ అదే కథ కావాలనేది, రాజుల కథలు మొదలుపెడితే వద్దు, బాయి కథ, దోసిలి కథ అనేది.

దోసిలి కథంటే ఏమీ లేదు, మా నాయన పద్ధతి. బావిలో నీళ్ళు పడగానే టెంకాయ కొట్టడం, పసుపు కుంకుమలు చల్లడం అందరూ చేసేదే. మా నాయన తవ్విన చోట అంతకు ముందే ఇంకొకటి జరగాలి. ఊటలో చేరిన మొదటి దోసిలి తవ్వినవాడిది. వాడంతట వాడు తాగకూడదు, వాడి ఇంటి పిల్ల దోసిటపట్టి తాగించాలి. నన్ను గంపలో కూర్చోబెట్టి మోకుతో దించేవాళ్ళు, పైన ఆకాశం చిన్న పళ్ళెమంత అయ్యేది, కింద మా నాయన మోకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచేవాడు. అన్నీ బురద నీళ్ళే. తాగి, మీసం తుడుచుకుని, తీపి అనేవాడు. ఈ బురద తీపేంది నాయనా అంటే, “తవ్విసూడు, నీకే తెలుస్తాది” అనేవాడు. ఈ కథ విన్న పిల్ల ఏం చేసిందో చూడండి. మస్కట్‌లో మా ఇంటికి ట్యాంకరుతో నీళ్ళు తెచ్చే ఫుర్ఖాన్ అనే పాకిస్తానీ ఒకడుండేవాడు. పైపు తగిలించి నీళ్ళు వదలగానే ఈ మదీహా, ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు, దోసిలి పట్టుకుని సగం నేలపాలు చేస్తూ వాడి దగ్గరికి పరిగెత్తింది. తవ్వింది వాడేననుకుంది పాపం. మామా కిటికీలోంచి చూసి కంగారుపడింది. వాడు మాత్రం ఏమీ అడక్కుండా టోపీ తీసి, వంగి, ఆ చేతుల్లోంచి తాగాడు, బిస్మిల్లా అని మరీ తాగాడు. తర్వాత వాడు వచ్చినప్పుడల్లా అదే తంతు. నేను వంటింట్లో చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చానో నవ్వానో నాకే గుర్తులేదు.

నీళ్ళు వచ్చేశాయి. ఇక్కడితో దారి ఆఖరు, ఇక అన్నీ మడుగులే, ఒకదాని వెనక ఒకటి, పచ్చగా, అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేటగా. మామా చిన్నపిల్లలతో మొదటి మడుగు ఒడ్డున ఆగింది, “కాశా, ఇక్కడ కాళ్ళు పెట్టుకుని కూర్చో, చాలు” అంది. మంచి మనసుతోనే అంది. చాలదు. చూడీదార్ పైజామా బరువెక్కింది, చేపపిల్లలు పాదాలు కొరుకుతున్నాయి, నడుము దాకా దిగేసరికి ఊపిరి ఆగింది, చలికి కాదు, ఎన్నాళ్ళకో అని. పెద్దమనిషినైన ఏడాది బావిలో ఈత మాన్పించారు నాకు. అంతకు ముందు తేలడానికి కిత్తనార బెండ్లు నడుముకు కట్టి బావిలోకి తోసేవాడు మా నాయన. బావులు తవ్వేటోని బిడ్డకు ఈత రాకుంటే ఎట్ల అనేవాడు. ఒక్కో రోజు ఒక్కో బెండు తీసేసేవాడు, చెప్పకుండా, చివరికి నడుముకు వట్టి తాడు మిగిలింది, నేను బెండ్లున్నాయనే ఈదుతున్నాను. ఈ నారింజ జాకెట్టు నన్ను గడ్డం దాకా ఎత్తి పట్టుకుంది, చేతులు కదలనివ్వదు, మెడ నొక్కుతోంది. అయినా కాళ్ళకు గుర్తుంది. కాళ్ళకు గుర్తుండటమేమిటో, నేను ఆలోచించకముందే అవి కప్పకాళ్ళలా తన్నుకుంటున్నాయి. “అబ్బో! నీకు ఈత వచ్చునని నాకు ఒక్కసారన్నా చెప్పలే!” అని మదీహా కేకలు. మీరెవరైనా అడిగారా తల్లీ. రెండో మడుగు దాటాను. రాళ్ళ మీద పాకాను, పాచికి జారి మోచెయ్యి గీసుకుంది, లేచాను. మూడోది లోతు, అడుగు నల్లగా ఉంది, కిందికి చూడలేదు.

మూడో మడుగు చివర కొండ అడ్డంగా నిలబడింది. ఇదే. జలపాతం దీని వెనకే, మా నాయన వినింది నిజమైతే ఇక్కడ నాకూ వినపడాలి. పక్కన బండ నిలువునా చీలి, మనిషి తల పట్టేంత సందు. ఈతకొచ్చిన గుంపు ఒకటి అరుపులు కేకలతో అందులోంచి బయటికొస్తోంది. వాళ్ళు పోయేదాకా ఆగాను. తడి చేత్తో బండ తడిమాను. చెవి పెట్టాను. కుడి చెవి, మా నాయన పెట్టేది అదే. కళ్ళు మూసుకున్నాను, మదీహాకు వేలు చూపించాను మాట్లాడొద్దని. చల్లగా ఉంది బండ. దబ్‌దబ్‌మని ఒక చప్పుడు, నా గుండెదే అది, మెట్లెక్కినప్పుడల్లా వినేదే. చెవి మార్చాను. ఊపిరి బిగపట్టాను. నీళ్ళు గడ్డానికి తగిలే చప్పుడు, నా గుండె, ఇంకేమీ లేదు. ఏమీ వినపడలేదు. ఇంత దూరం వచ్చింది దీనికా? అంటే మా నాయన వినింది కూడా తన గుండెనేనా, పాపం ఆ చెవిటి చెవుల్లో నెత్తురు హోరే గంగమ్మ అనుకున్నాడా, ఆ హోరు కోసమా అన్నేళ్ళు బండ కొట్టి రొమ్ము పగలగొట్టుకుంది? నాకేం ఇనపళ్ళా. వీరబ్రహ్మం మాటే నా నోట్లోకి వచ్చింది, అచ్చం వాడి గొంతుతో. సాయంత్రం ఊ అని చెప్పేస్తే సరి. పూడ్చేయండి, మేకలైనా బతుకుతాయి.

“వస్తావా, ఎనక్కి పోదామా?” అంది మదీహా. వెనక్కెందుకు పోతాను? వచ్చినదాన్ని చూడకుండా పోతే రేపు నా మొహం నేను చూసుకోగలనా? సందులో జాకెట్టు పట్టలేదు. రెండు సార్లు తోశాను, బండకు పట్టేసి నన్ను వెనక్కి నెట్టింది. బెండు తీసేయాల్సిందే నాయనా అన్నాను పైకే, విప్పి పారేశాను, మదీహా దాన్ని రాతికొనకు తగిలించింది. ఒక్కసారిగా ఒళ్ళంతా బరువు, తర్వాత అదే ఒళ్ళు తేలిక. తల వెనక్కి వాల్చి, ముక్కు పైకి పెట్టి, రెండు చేతులతో రెండు గోడలు పట్టుకుని, అంగుళం అంగుళం జరిగాను, రాయి బుగ్గలకు రాసుకుంటోంది, నోట్లోకి నీళ్ళు పోయాయి, ఉమ్మేశాను, దేవుడా అనలేదు, నాయనా అనే అన్నాను ప్రతిసారీ. మలుపు తిరిగింది సందు. తిరిగీ తిరగగానే హోరు. చెవులు మూసుకుపోయేంత హోరు. చీకటి గదిలా ఉంది లోపల, పైన చీలికలోంచి ఒక ఎండ పలక నీళ్ళ మీద పడుతోంది, ఎదురుగా రాతిలోంచి తెల్లగా దూకుతోంది జలపాతం. పెద్దదేమీ కాదు. ఇంటి మిద్దె అంత ఎత్తు కూడా ఉండదు, పిల్లలు గోరంతను కొండంత చేసి చెప్పారు. నాకేం, నేను ఎత్తు చూడటానికి రాలేదు. ఇంత హోరు పెడుతున్న నీళ్ళు, ఆ గోడకు అవతల, నేను చెవి ఆనించిన బండకు వెనక, ఇంతసేపూ ఉన్నాయి. నాకు వినపడలేదు, అంతే. నాకు వినపడకపోయినా అవి ఉన్నాయి. వీరబ్రహ్మం, ఒరేయ్, నీకూ వినపడలేదు కదరా ఆ రోజు!

నేనేమీ పిచ్చిదాన్ని కాదు. మస్కట్ కొండలో నీళ్ళుంటే లక్కిరెడ్డిపల్లె బండ వెనక ఉన్నట్టు కాదని నాకు తెలుసు. తవ్వితే వట్టి దుమ్మే రావచ్చు. కానీ ఒకడు చెవి పెట్టి లేదన్నాడని ముప్పై ఏళ్ళు మేమంతా మా నాయనను చెవిటివాణ్ణి చేశాం, ఆ సాక్ష్యం ఇవాళ్టితో చెల్లదు. రేపు జేసీబీ రానీ. వచ్చి పూడిక తీయనీ, ఎన్నేళ్ళ మట్టో చేరి ఉంటుంది అడుగున, బండ మళ్ళీ బయటపడనీ. మేకలు పడకుండా చుట్టూ గోడ కట్టించమంటాను. వాడు ఎగిరిపడతాడు, పడనీ, సగం నాది అని వాడే అన్నాడు కదా. ఈ సెలవుకు పోయి నేనే దిగుతాను, ఈసారి ఏ కడుపూ లేదు నన్ను ఆపడానికి. ఇదంతా నేను పైకే అంటున్నానట, నా వెనకే సందులోంచి వచ్చిన మదీహా తర్వాత చెప్పింది, పెదవులు కదలడం కనిపించిందట. ఆ హోరులో ఇద్దరమూ చెవిటివాళ్ళమే. అది ఏదో అరిచింది, నాకు వినపడలేదు. ఇంకోసారి అరిచింది. లాభం లేదని ఈదుకుంటూ జలపాతం కిందికి పోయింది, రెండు చేతులూ కలిపి పట్టింది, కాళ్ళతో మాత్రమే తన్నుకుంటూ, మోచేతులు పైకెత్తి, ఒలక్కుండా నా దగ్గరికి వస్తోంది. ఫుర్ఖాన్ దగ్గరికి పరిగెత్తిన పిల్లే, అదే ముఖం. నా చెవికి నోరు ఆనించి, “మొదటి దోసిలి. తవ్వేటోళ్ళది” అంది.

నాది కాదే అనబోయాను. తాగాల్సిన మనిషి పోయాడే అనబోయాను. దోసిలి గడ్డం కింద ఆగి ఉంది, వేళ్ళ సందుల్లోంచి కారిపోతోంది, ఎంతోసేపు ఆగదు. తాగితే తవ్వాలి, ఊరికే తాగే నీళ్ళు కావవి. ఒక చేత్తో బండ పట్టుకుని, మెడ ముందుకు చాపి, నోరు తెరిచాను, చివరి చుక్క దాకా తాగాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి, కొంచెం సున్నం వాసన. తీపేమీ లేదు. నేనింకా తవ్వలేదు కదా.